ఎలుక సాక్ష్యం

సిరిసిల్లలో పుట్టినవాడికి సాంచెల చప్పుడే జోలపాట. కరెంటు మగ్గాలను అక్కడ సాంచెలంటారు. అవి ఆడుతుంటేనే పిల్లలకు నిద్ర పడుతుంది. అలాంటి ఊళ్లో విఠల్‌కు ఆ చప్పుడు పడకపోవడం, సొంత సాంచెలు నడిపించే ఆసామి అయిన అతని అన్న మల్లేశానికి అస్సలు మింగుడుపడలేదు.

కొన్నేళ్ల కిందట విఠల్‌కు మనసు జబ్బు చేసింది. ఎవరూ లేకున్నా మాటలు వినిపించేవి. కొండగట్టు గుడికి తీసుకెళ్లారు, జగిత్యాల డాక్టరుకూ చూపించారు. మందులతో ఆ మాటలు పోయాయి. చప్పుడు బాధ మాత్రం పోలేదు. సాంచె కొట్టే ప్రతి దెబ్బా అతనికి మొదటి దెబ్బే. ఇంటి వెనక షెడ్డులో అడుగుపెడితే చెమటలు పట్టేవి. ఇంట్లో అన్నానికి కూర్చున్నా ఆ దెబ్బలకు ముద్ద దిగేది కాదు.

"మాటలు పోయినయంటడు, పనికి మాత్రం రాడు. ఆడలేక మద్దెల ఓడన్నట్టు," అనేవాడు మల్లేశం. ఆ మాట విఠల్‌ను జబ్బుకన్నా ఎక్కువ బాధపెట్టేది. తనను నమ్మే మనిషి ఒక్కరుంటే చాలనుకునేవాడు.

మల్లేశం బిడ్డ రజిత హైదరాబాదులో ఎలుకల మీద పరిశోధన చేస్తుంది. ఆమె సెలవుకు వచ్చిన రోజు, మధ్యాహ్నం అన్నాల దగ్గర మళ్లీ అదే పంచాయితీ మొదలైంది.

"బాపు, పెద్ద చప్పుడుకు ముందు చిన్నగ టిక్కుమనిపిస్తే మామూలు ఎలుక తక్కువ ఉలిక్కిపడుతది. కొన్ని ఎలుకలు మాత్రం ముందు టిక్కుమన్నా అంతే ఉలిక్కిపడుతయి. చిన్నబాపు అసొంటి జబ్బున్నోళ్లల్ల గూడ చానమందికి గిదే తేడా. ఎలుకకు మనిషి జబ్బు రాదు గని, గా ఒక్క ముక్క దాంట్ల చూస్తం."

"అయితే గా ఎలుకలు గూడ పని ఎగ్గొట్టనీకి నాటకాలాడుతున్నయా?"

"ఎలుకకు నాటకమెందుకు బాపు? దానికి ఆసామి ఎవడున్నడు?"

మల్లేశం ముద్ద పళ్లెంలో పెట్టి తమ్ముడి వైపు చూశాడు.

విఠల్ అడిగాడు. "గా ఎలుకలకు నొప్పి పెడుతరా బిడ్డా?"

"తక్కువ పెట్టాలనే చూస్తం చిన్నబాపు. అసలే పెట్టమంటే అబద్ధమైతది."

విఠల్ ఎంగిలి చేత్తోనే ఆ ఎలుకలకు దండం పెట్టాడు. ఇంతకాలానికి తన తరఫున సాక్ష్యం చెప్పింది ముఖం తెలియని ఓ చిన్న ప్రాణం. దాని రుణం తీరేది కాదనుకుంటే కళ్లలో నీళ్లు తిరిగాయి. రజిత వైపు కూడా అలాగే చూశాడు.

మల్లేశం లేచి షెడ్డులోకి వెళ్లి ఆపమని పనివాళ్లతో చెప్పాడు. సాంచెలు ఒక్కొక్కటిగా ఆగిపోయాయి. తిరిగొచ్చి తమ్ముడి పళ్లెంలో కూర వేశాడు.

పక్కింటి శంకరవ్వ ఉరుకుతూ వచ్చింది. పట్టపగలు సాంచెలు ఆగాయంటే ఆ వాడలో ఎవరో పోయినట్టే లెక్క.

"ఎవలు పోయిండ్రు మల్లేశం?"

"ఎవలు పోలే అవ్వా. మా తమ్ముడు అన్నం తింటుండు."