గంగులప్ప చేతులు

పుంగనూరులో పాలబండ్లు తిరిగే వేళకు గోవిందమ్మ ఆముదం వెచ్చచేసి మొగుడి మెడకు మర్దనా చేసేది. భుజాల దాకా వచ్చి ఆగిపోయేది. అక్కడ మామ గంగులప్ప చేతులుండేవి.

గంగులప్ప పంతొమ్మిదివందల తొంభై ఒకటిలో పోయాడు. ఆయన్ని మట్టిచేసి వచ్చేసరికి చేతులు రెండూ ముందే ఇల్లు చేరి ఉన్నాయి. కొడుకు ముద్దుకృష్ణ భుజాలెక్కి కూర్చున్నాయి. బతికున్నప్పుడూ అంతే. కొడుకు సన్నాయి పట్టుకుంటే గంగులప్ప వెనకాల నిలబడి, ఒళ్లు ఎక్కడ బిగుసుకుంటే అక్కడ నొక్కేవాడు. సడలించాలనే నొక్కేవాడు. నొక్కేకొద్దీ పిల్లవాడు భయంతో కొయ్యబారిపోయేవాడు.

మర్దనా చేయగా ఆముదం మిగిలితే గోవిందమ్మ ఆ ముసలి వేళ్లకూ రాసేది. బస్సు కండక్టరు, ‘‘చేతులు లోపల పెట్టుకోప్పా, పెద్దాయనవి గూడా’’ అనేవాడు. మదనపల్లెలో డాక్టరు చొక్కా విప్పించి చూసి, ‘‘మీ నాయన చేతులు చల్లగా ఉండాయే, రాత్రిపూట దుప్పటి కప్పు’’ అని నొప్పికి మాత్రలు రాసిచ్చాడు.

నొప్పి తగ్గలేదు. నొప్పినైనా ఓర్చుకోవచ్చు. ఊపిరే ఛాతీ దాటి కిందికి దిగేది కాదు. వేళ్లు సన్నాయి రంధ్రాల మీద మేకులు కొట్టినట్టు పడేవి. పెళ్లివాళ్లు ఒక్కొక్కరే బ్యాండుసెట్ల వైపు మళ్లారు. చౌడేపల్లెలో పెళ్లికొడుకు తండ్రి మొహమ్మీదే అన్నాడు: ‘‘మీ నాయన వాయిస్తే గాలి మాదిరి వచ్చేది. నువ్వేమప్పా, కట్టెలు కొడతాండావు.’’

ముద్దుకృష్ణ ఆ పూట భోజనానికి కూర్చోలేదు. తిరుగుదారిలో, ఇంక నావల్ల కాదు, మానుకుంటానని డోలు వాయించే బాబు సాహెబ్‌తో చెప్పేశాడు.

‘‘కుప్పం పెళ్లి ఒప్పుకున్నాం గదప్పా,’’ అన్నాడు బాబు సాహెబ్. ‘‘అది ముగించి మానుకో. నీతో పాటే నేనూ మానుకుంటా. ఈ వయసులో ఇంకొకడి పక్కన కూర్చునేది నాకూ చేతగాదు.’’

కుప్పానికి బస్సెక్కిన రోజు ముద్దుకృష్ణకు ఏదో మరిచిపోయినట్టనిపించింది. సంచి తడిమాడు. సన్నాయి, పట్టు పంచె, అన్నీ ఉన్నాయి. వెంకటగిరికోట దాటాక బాబు సాహెబే అడిగాడు: ‘‘పెద్దాయన చేతులు రాలేదే?’’

ముద్దుకృష్ణ భుజం తడుముకున్నాడు. చొక్కా బట్ట తగిలింది, అంతే.

మరుసటి పొద్దున పెళ్లిపందిట్లో అతని భుజాలు వాటంతట అవే దిగాయి. దవడ వదులైంది. ఊపిరి పొట్ట అడుగునుంచి లేచి, అడ్డం లేకుండా సన్నాయిలోకి నడిచిపోయింది. మోహన రాగం ఎత్తుకున్నాడు. వంటవాళ్లు గరిటెలతోనే వచ్చి నిలబడ్డారు. బాబు సాహెబ్ డోలు ఆపకుండానే ఏడ్చాడు. గట్టిమేళం కోసం పురోహితుడు వేలు ఊపి ఊపి, చివరికి కేకేయాల్సి వచ్చింది. సన్నాయి ఒళ్లో పెట్టుకున్నాక ముద్దుకృష్ణకు సంతోషం కంటే దుఃఖమే ఎక్కువొచ్చింది. ఇంత తేలికైన దానికా ఇన్నేళ్లు అంత కష్టపడ్డాను!

మధ్యాహ్నానికి పుంగనూరులో దిగాడు. వీధి మలుపులోనే, గొంతు నులిమితే వచ్చినట్టున్న సన్నాయి వినిపించింది. ఇంట్లో పదమూడేళ్ల కూతురు మునీశ్వరి గోడవైపు తిరిగి కూర్చుని, అతని పాత సన్నాయి వాయిస్తోంది. ఆ పిల్ల సన్నటి భుజాల మీద తాత చేతులున్నాయి.

‘‘నువ్వు మానుకుంటాండావని అమ్మ చెప్పింది, నాయనా. నేనన్నా నేర్చుకుందామని నిన్న నువ్వు బయల్దేరతాంటే పెరట్లో సన్నాయి ఎత్తుకున్నా. భయానికి ఒళ్లంతా బిగుసుకపోయింది. తాత వచ్చేసినాడు,’’ అంది. ‘‘ఊపిరే ఆడల్యా.’’

ముద్దుకృష్ణ ఆ చేతులు పట్టి లాగాడు. వేళ్లు దిగి పాతుకుపోయినట్టున్నాయి. ‘‘దాన్ని విడువు నాయనా, పసిబిడ్డ. నీ కాళ్లు పట్టుకుంటా’’ అన్నాడు. పట్టుకోవడానికి కాళ్లు లేవు. సన్నాయి పక్కన పెట్టమంటే మునీశ్వరి పెట్టింది. తండ్రి గొంతులో వణుకు విని ఇంకా బిగుసుకుంది. చేతులు ఇంకా నొక్కాయి.

ఎవరి ఒళ్లు ఎక్కువ బిగుసుకుంటే నాయన వాళ్ల వెనకాలే నిలబడతాడు. ఆ సంగతి ముద్దుకృష్ణకు తెలిసినంతగా ఇంకెవరికి తెలుసు?

కూతురి ఎదురుగా చాప మీద కూర్చుని సంచిలోంచి సన్నాయి తీశాడు. భుజాలు చెవులదాకా ఎత్తాడు. మెడ బిర్రబిగించాడు. ఊపిరిని గొంతులోనే తొక్కిపెట్టాడు. కుప్పంలో దొరికిందంతా ఒక్కొక్కటే వదిలేస్తూ, జన్మలో ఎన్నడూ వాయించనంత ఘోరంగా వాయించాడు.

చేతులు కాసేపు తటపటాయించాయి. తర్వాత పిల్ల భుజాలు దిగి, చాప మీద పాకి, అతని వీపెక్కాయి. మునీశ్వరి ఊపిరి పీల్చింది. అది ఎక్కడా ఆగకుండా కిందిదాకా పోయింది.

ఆ తర్వాత కూతురు నేర్చుకుంది, మేళంలో తనే వాయించింది. ముద్దుకృష్ణ పక్కన శ్రుతిపెట్టె పట్టుకుని కూర్చునేవాడు. ఎప్పుడైనా ఆదమరిచి కాస్త వదులైతే, చేతులు లేచి పిల్లవైపు తిరిగేవి. వెంటనే మళ్లీ బిగించేవాడు.

రెండువేల అయిదులో కురబలకోటలో ఒక పెళ్లి. మునీశ్వరి వాయిస్తుంటే పందిట్లో చంటిపిల్లలు కూడా ఏడుపు మానారు. పాటకూ పాటకూ మధ్య ఆమె తండ్రి వైపు ఒరిగి, చిన్నగా అంది: ‘‘ఈ ఒక్క పూట వాటిని నాకియ్యి, నాయనా. నువ్వు వాయించు.’’

‘‘వాయించమ్మా,’’ అన్నాడు ముద్దుకృష్ణ, పళ్ల సందులోంచి.