ఎర్రావు చేపిన పొద్దు

ఆ పొద్దు మోడం పట్టి ఉండాది. కురవనూ కురవదు, తెరిపీ ఇయ్యదు.

మునికృష్ణ చెంబు పట్టుకుని కొట్టంలో కూర్చున్నాడు. పాకాల సంతలో దూడతో సహా కొన్న ఎర్రావు ఇంటికొచ్చి నాలుగు దినాలు. పొదుగు నిండుగా ఉన్నా పాలు చేపదు, పైకి బిగబట్టేస్తాది. గ్లాసుడు వస్తే గొప్ప.

"ఈ పొద్దు గూడా ఇంతేనంటే, రేపు అమ్మినోడికే తోలేసి రా," అనింది ఆయన పెండ్లాం చంద్రకాంతమ్మ.

ఆరేండ్ల మనవరాలు మహిత గబుక్కున లేచింది. "దూడ గూడా పోతాదా అవ్వా?"

"తల్లి పోతే అదేం జేస్తాది ఈడ?"

మహిత కాసేపు ఆవునే చూసింది. "తాతా, దీనికి సంతోషంగా లేదు. అందుకే ఇయ్యలేదు."

ఇంట్లోకి పరిగెత్తి, తన పూసల దండ తెచ్చి కొమ్ముకు తగిలించింది. బిస్కెట్ పెట్టింది. అవ్వ ఫోన్లో పాట పెట్టి చెవి దగ్గర పట్టింది. ఆవు ఎగిరి తన్నింది. చెంబు గోడకు పోయి పడింది.

"నేను కాపురానికొచ్చిన నాడు నాకెవురూ పాటలు పెట్టలేదమ్మా," అనింది చంద్రకాంతమ్మ.

"పెట్టింటే నువ్వు గూడా తన్నిందువు," అన్నాడు మునికృష్ణ, చెంబు తుడుచుకుంటా.

మహిత నవ్వలేదు. "తాతా, నీకు సంతోషమైతే ఎట్ట తెలుస్తాది?"

అరవై ఏండ్లలో ఆ మాట ఆయన్ను ఎవురూ అడగలేదు. "తెలీదు పాపా. ఉన్నప్పుడు సూసుకోలేదు."

"మరి ఆవుది?"

"ఏం జెయ్యొద్దు. కూసోని సూడు."

దండ తీసేసి మహిత గడ్డి మీద కూర్చునింది. చానాసేపటికి గొంతు తగ్గించి చెప్పింది. "చెవులు కిందికి ఏలాడేసింది తాతా. కన్నుకు నిద్రొస్తాండాది. నోట్లో ఏమీ లేదు, నములుతాండాది."

"నెమరు."

అడిగేవన్నీ అయిపోయినట్టు, ఆ పిల్ల గంగడోలు నిమురుతా ఊరికే ఉండిపోయింది. దూడ వచ్చి ఆమె పక్కన పడుకునింది. మునికృష్ణ చేయి పెట్టి చూసినాడు. చన్నులు వెచ్చగా, బిర్రుగా ఉండాయి. పిండితే చెంబు అడుగున సర్రుమనింది. మహిత నోరు తెరవబోతే ఆయన వద్దని తల ఊపినాడు. నురుగు అంచు దాకా వచ్చినాక గుసగుసగా అడిగింది:

"ఇదేనా తాతా?"

ఆయన నిండు చెంబు ఆ పిల్ల చేతికిచ్చినాడు.

చంద్రకాంతమ్మ ముగ్గురికీ సంగటి పెట్టి, కాచిన పాలు పోసింది. రేపటి మాట ఎవురూ ఎత్తలేదు. తింటాండారు. మహిత మాత్రం ఒక్కో ముద్దకూ ఆగి, అవ్వ మొగం, తాత మొగం మార్చి మార్చి చూస్తాండాది.