దస్తీ వేసిన జాగా

విజయేందర్ దుకాణం బతికేదే రెండు నిమిషాల పనుల మీద. ఆబిడ్స్ నుంచి నాంపల్లి స్టేషన్ వైపు పోయే రోడ్డు మీద తండ్రి పెట్టిన కళ్ళద్దాల దుకాణం అది. జనం స్కూటరు దిగీ దిగకుండానే కళ్ళజోడు తీసి అందించేవాళ్ళు. ఊడిన మర బిగించడం, పిల్లలు వంకర చేసిన కాడను సరిచేయడం, ఇలాంటివే పనులు. వాటికి చాలాసార్లు డబ్బులు కూడా తీసుకునేవాడు కాదు. ఊరికే మర బిగించుకుని పోయినవాళ్ళే ఎప్పుడో ఒకప్పుడు వచ్చి కొత్త జోడు చేయించుకునేవాళ్ళు. తండ్రి నేర్పిన వ్యాపారం మొత్తం ఇంతే.

ఆ రోడ్డు మీద 'నో పార్కింగ్' బోర్డు పాతినప్పటినుంచి ఆ వ్యాపారం కాస్తా మూలన పడింది. బండి ఆపిన మనిషి కాలు కింద పెట్టేలోపే వెనక క్రేను బండి మైకులో అరిచేది. అరవకుండానే ఎత్తుకుపోయిన రోజులూ ఉన్నాయి. ఒకసారి ఒక పెద్దమనిషి కళ్ళజోడు విజయేందర్ చేతిలో ఉండగానే ఆయన స్కూటరు గాల్లోకి లేచింది. అద్దాలు లేక సరిగ్గా కనబడని ఆ పెద్దమనిషి, "ఎవరిదో పాపం" అన్నాడు. విజయేందర్‌కు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. ఆయన మళ్ళీ ఆ గుమ్మం తొక్కలేదు.

దుకాణం అద్దెకిచ్చిన ఇంటి యజమాని అమరేశ్వరరావు చెడ్డవాడేమీ కాదు. ఒకరోజు వచ్చి, స్టూలు మీద కూర్చుని, నీళ్ళు తాగి మరీ చెప్పాడు.

"పైనా కిందా కలిపి ఇమ్మని బట్టల షోరూమోళ్ళు తిరుగుతున్నరు విజయేందర్. దసరా దాకా చూస్త. నీకు గిరాకి మళ్ళొస్తే నీ జోలికి రాను. ఖాళీ దుకాణం పెట్టుకుని ఈగలు తోలుకుంట కూసుంటే మాత్రం నేనేం చేయలేను."

దుకాణం పోతే విజయేందర్‌కు ఇంకేమీ లేదు. యాభై దాటిన మనిషికి మర బిగించడం తప్ప ఇంకో పని రాదు. అందుకే ఆ వరసలోని దుకాణాలవాళ్ళంతా ట్రాఫిక్ సీఐ దగ్గరికి పోదామంటే అందరికంటే ముందు అతనే నడిచాడు. మాట్లాడే పనీ అతనికే అప్పజెప్పారు. అందరిలోకీ కోపం రానివాడు అతనొక్కడే మరి.

సీఐ కుర్రవాడే. కళ్ళ కింద మాత్రం నల్లగా చారలు పడ్డాయి. "పది నిమిషాలని ఆపినోడు పొద్దుగూకే దాకా తీయడు. వెనక అంబులెన్సు ఆగితే మీరొచ్చి జవాబు చెప్తరా?" అన్నాడు.

"దినమంతా బండి పెట్టి రైలెక్కి పోయేటోడు వేరే, రెండు నిమిషాలకు ఆగేటోడు వేరే సార్" అన్నాడు విజయేందర్. "ఇద్దర్నీ ఒక్కటే తీర్గ చూస్తే మేం బతకం. జర పది నిమిషాలు ఆపనియ్యున్రి చాలు. ఎవడన్న ఎక్కువ సేపు పెడితే మేమే తీయిస్తం. జిమ్మేదారి నాది."

సీఐ దుకాణాల పేర్లు ఒక కాగితం మీద రాసుకున్నాడు. "సరే, మీ మాట మీద పైన అడుగుత" అన్నాడు. అడిగాడు కూడా. ఒక నెలపాటు చూద్దామని పైవాళ్ళు ఒప్పుకున్నారు. పాత బోర్డుకు గోనెసంచి కట్టారు. దుకాణాల ముందు రోడ్డు మీద తెల్ల గీతలు గీశారు. పది నిమిషాలు మాత్రమే అని కొత్త బోర్డు పెట్టారు.

మొదటి రోజుల్లో విజయేందర్ కాళ్ళు నేల మీద ఆనలేదు. మళ్ళీ స్కూటర్లు ఆగాయి, మళ్ళీ మరలు బిగిశాయి. మోకాళ్ళ నొప్పులతో ఇల్లు కదలని మృదుల టీచరు మేనల్లుడి కారులో వచ్చింది. ఆమె దిగాల్సిన పని లేకుండా ఫ్రేములన్నీ కారు దగ్గరికే పట్టుకుపోయి చూపించాడు. కంటి ఆపరేషన్ అయ్యాక ఆమెకు మొదటి జోడు అది. "తయారైనంక ఫోన్ చెయ్యి నాయనా. దినాం పేపర్ చదవక పిచ్చి లేస్తుంది" అని చెప్పి పోయిందామె. సాయంత్రం ఇంటికి పోయి భార్య విమలతో ఆ ముచ్చట రెండుసార్లు చెప్పాడు.

ఆ తర్వాత ఒక పొద్దున అతను షట్టరు ఎత్తుతుంటే, పక్క దుకాణంలో సూట్‌కేసులు బాగుచేసే ఎల్లేష్ తన స్కూటరును తెల్ల గీతల మధ్య పెట్టి తాళం వేస్తున్నాడు.

"ఏంది ఎల్లేష్, గీడ పెట్టినవ్?"

"బస్సుల దస్తీ వేసుకోమా అన్నా? గట్లనే ఇది. లేకుంటే ఎవడో వచ్చి పెట్టి పోతడు. నా గిరాకి వచ్చిన్రనుకో, నాది తీసి వాళ్ళకిస్త."

ఈ నగరంలో పుట్టి పెరిగినవాళ్ళకు ఆ మాట కాదనడం కష్టం. బస్సు ఆగకముందే కిటికీలోంచి సీటు మీద జేబురుమాలు, అదే దస్తీ, పడేస్తే ఆ సీటు మనదే. ఏ చట్టంలోనూ లేకపోయినా అందరూ పాటించే చట్టం అది. ఎల్లేష్‌ను చూసి బ్యాగులవాడు పెట్టాడు, బ్యాగులవాణ్ణి చూసి గడియారాలవాడు పెట్టాడు. విజయేందర్ రెండు రోజులు ఓర్చుకున్నాడు. మృదుల టీచరు జోడు తయారైంది. ఆమె వచ్చేసరికి జాగా లేకపోతే ఎట్లా? మూడో రోజు అతనూ తన స్కూటరు తెచ్చి గీతల మధ్య పెట్టాడు.

అప్పటినుంచి దుకాణాలు తెరిచేసరికే తెల్ల గీతలు నిండిపోయేవి. ప్రతివాడూ తాళంచెవి చేతిలో పట్టుకుని, గిరాకీ రాగానే బండి తీద్దామని గుమ్మంలో కాచుకుని కూర్చునేవాడు. ఆ సంగతి రోడ్డు మీద పోయేవాడికి ఎట్లా తెలుస్తుంది? ఖాళీ లేదనుకుని వాడు ముందుకు పోయేవాడు.

ఇది విజయేందర్‌కు తెలియక కాదు. జిమ్మేదారి నాదని అన్న నోరు అతనిదే. ఒకసారి వెళ్ళి అడిగాడు కూడా. "నువ్వు తీయి ఎల్లేష్, నేనూ తీస్త."

"ముందుగాల నువ్వు తీయన్నా."

తాను తీస్తే ఆ జాగాలో ఎల్లేష్ తమ్ముడి బండి పడుతుందని విజయేందర్‌కు తెలుసు. తీయలేదు.

మృదుల టీచరుకు ఫోన్ చేసిన రోజు మధ్యాహ్నం కారు వచ్చింది. నెమ్మదించింది. కొత్త జోడు ఆమె మొహానికి సరిచేసి ఇవ్వాలంటే కారు కాసేపైనా ఆగాలి. తనది తీసి పక్కవి జరిపితే కారు పడుతుందని విజయేందర్ తాళంచెవి పట్టుకుని పరుగెత్తాడు. అతని స్కూటరుకు అటు ఎల్లేష్ బండి, ఇటు గడియారాలవాడి బండి ఆనుకుని ఉన్నాయి. హ్యాండిళ్ళు ఒకదాంట్లో ఒకటి ఇరుక్కున్నాయి. అతను గుంజుతూనే ఉన్నాడు. వెనక సిటీ బస్సు ఆగకుండా హారన్ కొడుతోంది. టీచరు కిటికీలోంచి చెయ్యి ఊపి ఏదో అన్నది. హారన్‌లో వినబడలేదు. కారు వెళ్ళిపోయింది.

తల ఎత్తేసరికి ఎదురుగా సీఐ ఉన్నాడు. రోడ్డు అవతల నిలబడి అంతా చూశాడు.

"వీటిల్ల గిరాకి బండి ఏది?" అని అడిగాడు. గుమ్మాల్లో నిలబడ్డవాళ్ళు తాళంచెవులు జేబుల్లో వేసుకున్నారు. సీఐ విజయేందర్ స్కూటరు వైపు చెయ్యి చూపించాడు. "ఇది ఎవరిది?"

"నాదే సార్. గిరాకి కోసమే జాగ పట్టిన."

"జాగ లేకనే కదా గిరాకి పోయింది. నా కండ్ల ముంగటనే పోయింది." సీఐ గొంతులో కోపం లేదు. తిట్టి ఉంటే విజయేందర్‌కు కొంచెం నయంగా ఉండేది. "మీ మాట మీదనే పైన అడిగిన విజయేందర్ గారు. ఇంకోపారి అడగనీకి నాకు మొహం లేదు."

క్రేను వచ్చి వరసగా ఎత్తుకుపోయింది. చీకటి పడకముందే పాత బోర్డు మీది గోనెసంచి విప్పేశారు.

ఆ సాయంత్రమే టీచరు ఫోన్ చేసింది. "నాయనా, మావాడు ఇటు ఒక మాల్‌కు తీసుకొచ్చిండు. బండి కిందనే పెట్టుకోవచ్చట. లోపల కుర్చీలో కూసోబెట్టి చూపిస్తున్నరు. గీడనే చేయించుకుంటున్న. నువ్వేమనుకోకు."

"అయ్యో, గట్లెందుకు అనుకుంట టీచరమ్మ" అన్నాడతను. తయారైన జోడు డబ్బాలో ఉంది. ఆ అద్దాలు ఆమె కళ్ళకు తప్ప లోకంలో ఇంకెవరికీ పనికిరావు. డబ్బా జేబులో వేసుకుని, అమరేశ్వరరావుకు ఫోన్ చేశాడు. "దసరా దాకా ఎందుకు రావు సాబ్? షోరూమోళ్ళకు మాటిచ్చెయ్యి" అన్నాడు. అవతల ఆయన సరే అన్నాడు. వద్దని అంటాడేమోనని విజయేందర్ మనసులో ఏ మూలో ఆశపడ్డాడు.

స్కూటరు లేదు కాబట్టి దిల్‌సుఖ్‌నగర్ బస్సెక్కాడు. ఊపిరాడనంత జనం. అతను నిలబడ్డ చోట ఒక్క సీటు మాత్రం ఖాళీగా ఉంది. దాని మీద నీలిగళ్ళ దస్తీ పరిచి ఉంది. బేగం బజార్ సంచులు రెండు మోసుకుని ఒక ముసలమ్మ నెట్టుకుంటూ వచ్చి, అతని మొహం చూసి అడిగింది.

"బిడ్డా, గీడ ఎవలన్న ఉన్నరా?"

"దస్తీ ఉందమ్మా. వస్తరు" అన్నాడు విజయేందర్.

అన్నాక గానీ తానేమన్నాడో అతనికి తెలియలేదు. తెలిశాక తన మీద తనకే అసహ్యం వేసింది. దస్తీ తీసి ఆమెను కూర్చోమనడానికి ఎంతసేపు పడుతుంది? పై కడ్డీ పట్టుకున్న చెయ్యి మాత్రం కిందికి దిగలేదు. ముసలమ్మ సంచులు కాళ్ళ దగ్గర పెట్టుకుని నిలబడింది. బస్సు కోఠి దాటింది, చాదర్‌ఘాట్ దాటింది. ఆమె దిగిపోయింది. సీటు కోసం ఎవరూ రాలేదు.