ఓడెస్సా కట్టని పెట్టె

పద్నాలుగో చొక్కా కాలరు మీద ఇస్త్రీపెట్టె ఆనించి, పనిమనిషి ఓడెస్సా వంటింటి గడియారం వైపు చూసింది. రెండుంబావు. మూడింటికి వెర్నా జుట్టు సింగారించుకుని పార్లరు నుంచి వస్తుంది. నాలుగింటికి అయ్యగారి కొత్త మోజు, హాలీవుడ్ అమ్మాయి, విమానం దిగుతుంది. ఆ గంటలో వెర్నా ఈ ఇంట్లోంచి పోవాలి.

వేన్ కాల్డర్ గిటారు పట్టుకుంటే మెంఫిస్ ఊళ్ళో ఆడపిల్లలు స్పృహ తప్పి పడిపోతారు. నువ్వు లేక బతకలేనని వెయ్యిమంది ముందు పాడతాడు మహానుభావుడు! నీతో ఇక కుదరదని ఒక్క ఆడదాని మొహం మీద మాత్రం చెప్పలేడు. ఆ పని ఓడెస్సాది. మోజు తీరిన పిల్ల బట్టలూ చెప్పులూ అట్టపెట్టెలో సర్ది, తెల్లదారంతో కట్టి, వంటింటి బల్ల మీద పెట్టాలి. పెట్టె చూస్తే పిల్లకు అర్థమైపోతుంది. వెనక గుమ్మం దగ్గర డ్రైవరు కారు ఆపి ఉంచుతాడు. తొమ్మిదేళ్ళలో ఇలాంటివి పదకొండు పెట్టెలు కట్టింది.

ఈసారి చేతులు రావడం లేదు. రెండేళ్ళ కిందట ఈ ఇంటికొచ్చిన రోజున, అవి లాండ్రీ బట్టలనుకుని, ఓడెస్సా అంతకు ముందున్న పిల్ల పెట్టెకు ముడి బిగిస్తుంటే వేలు ఆనించి సాయం పట్టింది వెర్నా, పిచ్చితల్లి; అసలు సంగతి తరవాతెప్పుడో తెలిసింది. చలికాలంలో ఓడెస్సా మోకాళ్ళు వాస్తే కింద కూర్చుని తైలం రాసిందీ ఆ పిల్లే. కానీ ఈ పని పోతే యాభై ఎనిమిదేళ్ళ నల్లమనిషికి ఎవరు పనిస్తారు?

మూడింటికి పది నిమిషాలుందనగా వేన్ మేజోళ్ళతో చప్పుడు లేకుండా మెట్లు దిగాడు.

"అయిందా?"

"లేదు, మిస్టర్ వేన్."

"టైం చూశావా? నా కొంప ముంచుతావా ఏంటి!"

"ఈ ఒక్కసారీ మీరే చెప్పండి."

"నువ్వు చేస్తే వాళ్ళు అంత బాధపడరు, ఓడెస్సా."

"పడరని మీకెవరు చెప్పారు? ఎప్పుడైనా ఇక్కడ నిలబడి చూశారా?"

అతని మొహం మాడిపోయింది. "పెట్టె కట్టు. లేదంటే రేపట్నుంచి నువ్వూ రానక్కర్లేదు."

బయట వెర్నాను తెచ్చిన కారు ఆగింది. ఓడెస్సా అలమారలోంచి అట్టపెట్టె తీసి, ఖాళీగానే బల్ల మీద పెట్టింది. పక్కన దారపుండ పెట్టింది.

వెర్నా నవ్వుతూ లోపలికొచ్చి, పెట్టె చూసి ఆగిపోయింది. కొత్తగా చుట్టిన జుట్టు మీదికి వెళ్ళిన చెయ్యి అక్కడే ఉండిపోయింది.

"ఇది నాకేనా?"

"ఓడెస్సా, చెప్పు," అన్నాడు వేన్ నేల చూపులు చూస్తూ.

ఓడెస్సా ఇస్త్రీపెట్టె ప్లగ్గు పీకింది.

"ఆమెనెందుకు అడుగుతావ్? నువ్వు చెప్పు, వేన్. వింటాను."

"అది కాదు, వెర్నా... అసలేంటంటే..." అంతే. గిర్రున తిరిగి మెట్లెక్కిపోయాడు. పైన తలుపు మూసుకుంది.

"పాటైతే పాడేవాడు," అంది వెర్నా. కళ్ళనిండా నీళ్ళు.

ఓడెస్సా ఏప్రాన్ విప్పి మడిచి కుర్చీ మీద పెట్టింది. టోపీ పెట్టుకుంది.

"నీ సామాను సర్దనా, తల్లీ?"

"ఏమీ వద్దు. నువ్వెక్కడికి?"

"నాకూ సెలవిచ్చేశాడులే. పద, బస్సు దాకా కలిసి నడుద్దాం."

వెర్నా వెనక గుమ్మం వైపు తిరిగింది. ఓడెస్సా ఆమె మోచెయ్యి పట్టుకుని, తొమ్మిదేళ్ళుగా తుడవడమే తప్ప దాటి ఎరగని ముందు గుమ్మంలోంచి బయటికి నడిపించింది.

వంటింటి బల్ల మీద అట్టపెట్టె మూత తెరుచుకునే ఉంది, పక్కన తెంపని తెల్లదారపుండ.