పాయసంలో మునిగిన హనోయి వెండి

నేను ఒక వెండి నాణేన్ని. అలా అని అమ్మారు కాబట్టి చెబుతున్నాను, నాకైతే నమ్మకం లేదు. నా మీదున్న తేదీ ప్రకారం నా వయసు నూట పాతికేళ్ళు. పుట్టింది మాత్రం పోయిన వానాకాలంలో, హనోయి ఊరి చివర ఒక రేకుల షెడ్డులో. ఇనుముతో, ఇంకా ఏమేం కలిపారో వాళ్ళకే తెలియని తుక్కుతో నన్ను రెండు సగాలుగా పోసి అతికించారు. పైన వెండిరంగు పూసి, పాతగా కనబడాలని టీ డికాక్షన్‌లో నానబెట్టారు.

తెనాలి నుంచి ప్యాకేజీ టూరుకొచ్చిన ఉమాపతిగారు నన్ను అక్కడి బజార్లో కొన్నారు. ఆయన బ్యాంకులో క్యాషియరుగా రిటైరయ్యారు. దొంగనోటును కళ్ళు మూసుకుని వేలితో పట్టేస్తారని పేరు. కొట్టువాడు చెప్పిన ధరను పావు వంతుకు దించి, యుద్ధం గెలిచినట్టు ఛాతీ విరిచారు. కందిపప్పు కాస్త చవగ్గా ఇస్తే పుచ్చుందేమోనని అనుమానించే మనిషికి, వెండి ఇంత చవకేమిటన్న అనుమానమే రాలేదు. విదేశాల్లో జనం అమాయకులని ఆయన అభిప్రాయం.

ఇంటికి రాగానే మనవరాలి అన్నప్రాసన. బంగారు ఉంగరంతో పాయసం నాకించడం వాళ్ళింటి ఆనవాయితీ.

"ఉంగరాలు ఎవరికి లేవు? నా మనవరాలికి తొలి పాయసం వందేళ్ళ నాటి వెండితో!" అని వీధంతా చాటారు.

పసిపిల్ల నోట్లోకా! నాలో ఏముందో నాకే తెలీదు. నన్ను పట్టుకోండర్రా అని అరవాలనిపించింది.

ఆ రోజు పొద్దున ఆయన భార్య సుగుణమ్మగారు నన్ను చింతపండుతో తోమారు. ఒకపక్క రంగు లేచిపోయింది. నాకు ప్రాణం లేచొచ్చింది.

"ఏవండీ, వెండి నా చేతికంటుకుంటోందేంటండీ?"

"పాతకాలం వెండి అలాగే ఉంటుందే. నువ్వు తోమడం ఎక్కువ చేశావ్."

అంతలో ఆవిడ తమ్ముడు చలపతి దిగాడు. వస్తూనే నన్ను గచ్చు మీద వేసి చూశాడు. వెండయితే ఖంగుమనాలి. నేను టప్‌మన్నాను, చేతనైనంత గట్టిగా.

"ఇదేంటి బావగారూ, సోడామూత పడ్డట్టుంది?"

"నూట పాతికేళ్ళ నాణెమోయ్. గొంతు బొంగురుపోదా?"

చలపతి ఊరుకోలేదు. అదే టూరులో వాళ్ళు కొన్న అయస్కాంతం బొమ్మను ఫ్రిజ్ మీంచి పీకి నా దగ్గరికి తెచ్చాడు. నేనింక ఆగుతానా? ఎగిరి అతుక్కున్నాను!

"చూశారా! వెండి అంటుకోదు బావగారూ!"

"మన వెండి అంటుకోదు. ఇది ఫారిన్‌ది. రెండూ ఒకే ఊరివాయె, ఆ మాత్రం అభిమానం ఉండదూ?"

చుట్టాలు గొల్లుమన్నారు. వాళ్ళు నవ్వేకొద్దీ ఆయన బిగుసుకుపోయారు. పురోహితుడు ముహూర్తం దాటిపోతోందన్నాడు. అంతే, నన్ను పాయసంలో ముంచేశారు! యాలకుల వాసన. కోడలి ఒళ్ళో మనవరాలు పళ్ళులేని నోరు తెరిచి నాకోసం ఎగురుతోంది. వస్తున్నా, వస్తున్నా, ఇంకొక్క అంగుళం.

అప్పుడు ఆయన బొటనవేలు, పాత అలవాటు కొద్దీ, నా అంచు మీద కదిలింది. అతుకు దగ్గర ఆగింది. వెనక్కి వెళ్ళి మళ్ళీ తడిమింది. ఆయన మొహం పాలిపోయింది. చుట్టూ చుట్టాలు, ఎదురుగా చలపతి. కప్పిపుచ్చడానికి ఇంకో మాట ఆయన దగ్గర ఉండే ఉంటుంది.

పిల్ల నోరు ఇంకొంచెం పెద్దది చేసింది.

"సుగుణా, నీ ఉంగరం ఇలా తే" అన్నారు. "ఇది దొంగది."

పాయసం మోచేతి దాకా కారుతుండగా ఆయన నన్ను పైకెత్తి చూపించారు.

"ఇదిగో అతుకు! ఇంతమంది ఉండి ఒక్కరూ పట్టలేకపోయారు. చివరికి నేనే పట్టాల్సొచ్చింది!"

చలపతి నేను మునిగిన గిన్నె పక్కన పెట్టి, వేరే గిన్నెలో పాయసం తెచ్చాడు. పిల్ల ఉంగరం నాకి చప్పరించింది.

ఇప్పుడు నేను వాళ్ళ డైనింగ్ టేబుల్ పొట్టి కాలు కింద ఉంటున్నాను. ఇంటికెవరొచ్చినా ఆయన టేబుల్ ఎత్తించి, నన్ను తీసి, ఎలా పట్టారో చెబుతారు. ఆ కథలో చింతపండు లేదు, అయస్కాంతం లేదు, చలపతి ఊళ్ళోనే లేడు. నాకూ ఆ పిల్ల నోటికీ మధ్య దూరం మాత్రం చెప్పినప్పుడల్లా తగ్గుతోంది. నిన్న పాలవాడికి చెప్పేసరికి నేను పిల్ల పెదవి మీద ఉన్నాను.