గుర్తుపట్టిన ఎలుక

ఆకు మందు ల్యాబులోనూ పని చేసిందని కబురు పట్టుకుని బిందుమాధవి రెండువేల మూడు వేసవిలో మళ్ళీ కొండెక్కి వచ్చింది. విశాఖపట్నంలో మందుల మీద పరిశోధన చేసే పిల్ల. నీ కళ్ళతో చూద్దువుగాని రమ్మని ఆ ఆకు ఇచ్చిన యర్రమ్మను అరకులో రైలెక్కించి తీసుకుపోయింది.

యర్రమ్మ వాళ్ళన్న బుధు మతిమరుపు వచ్చి, సంతకని బయల్దేరి ఇంకో ఊళ్ళో తేలేవాడు. వాగు ఒడ్డున పాకే తీగ ఆకు యర్రమ్మ నూరి రోజూ తాగించాక తన గడప తాను గుర్తుపట్టాడు. ఆ ఆకునే అంతకు ముందు ఏడు బిందుమాధవి పట్టుకెళ్ళింది.

ల్యాబులో పెద్ద నీళ్ళతొట్టి ఉంది. పాలు కలిపి తెల్లబరచిన నీళ్ళ కింద కనబడకుండా చిన్న పీట. ఆ పీట ఎక్కడుందో తెల్లెలుకలకు ముందే నేర్పారట. తరవాత మతిమరుపు రావడానికి సూది వేశారట.

"మరిసిపోడానికి కూడా సూది ఉందా?" అంది యర్రమ్మ. అన్నను అరవయ్యో ఏట పట్టుకున్న జబ్బును నిక్షేపంలాంటి జీవానికి చేతులారా ఎక్కిస్తున్నారు.

ఆకు మందు తాగని ఎలుక తొట్టి అంచునే ఈదుతూ తిరిగి తిరిగి అలిసిపోతే బయటికి తీశారు. తాగిన ఎలుక ఒక్క క్షణం ఆగి, తల తిప్పి, తిన్నగా పీట మీదికి ఈదింది. యర్రమ్మకు కళ్ళు చెమర్చాయి. దానికి పెడదామని కొంగులో మరమరాలు తీసింది.

బిందుమాధవి వారించింది. రేపు పొద్దున్నే దాని మెదడు తీసి చూడాలని, మందు లోపల ఏం చేసిందో తెలియాలంటే వేరే దారి లేదని నెమ్మదిగా చెప్పింది.

యర్రమ్మ మరమరాలు మళ్ళీ కొంగులో ముడేసుకుంది.

"గురుతొచ్చినదాన్నే సంపుతారా?"

"రెండింటినీ అమ్మా. ఇలా చూడకుండా మనుషులకు ఇవ్వనివ్వరు."

 యర్రమ్మ ఇంటికొచ్చి ఆ మరమరాలు అన్న చేతిలో పోసి, మందు నూరడానికి కూర్చుంది.

వానలు వెళ్ళాక బిందుమాధవి మళ్ళీ ఆకు కోసం వచ్చింది. ఇవ్వదేమోనని భయపడుతూనే అడిగింది. యర్రమ్మ వాగు దగ్గరికి తీసుకెళ్ళింది. అక్కడివాళ్ళు ఆకు తుంచే ముందు అది ఎవరి కోసమో తీగతో చెప్పుకుంటారు.

"ఈపాలి నువ్వే సెప్పు. సంపేవాటి కోసమని సెప్పడానికి నాకు నోరు రాదు."

బిందుమాధవి తడి మట్టిలో కూర్చుంది. ముందు బుధు పేరు చెప్పింది. తరవాత ఎలుకల సంగతి చెప్పింది. ఇప్పటిదాకా చంపినవి డెబ్బై రెండు, అంది.

యర్రమ్మ అంతా విని పక్కన చతికిలబడి, తీగ వేరు కదలకుండా ఆకు ఎలా తుంచాలో చూపించింది.