సర్వేయరు రాకముందు వేసిన రంగు

గోడ మీద మరక కనబడితే పెయింటరు చేతులు ఊరుకోవు. తమ్ముడికి కాలు విరిగితే చూడ్డానికి ఆస్పత్రికి వెళ్ళి, తమ్ముణ్ణి వదిలేసి, మంచం వెనకాల పెచ్చులూడిన గోడని గోటితో గీకుతూ కూర్చున్న మనిషి. ఇంటికొచ్చాక భార్య "ఎలా ఉంది?" అని అడిగితే "లప్పం సరిగా పట్టలేదు" అన్నాడట. ఆవిడ అడిగింది కాలు గురించి.

అలాంటివాడి సొంతింట్లోనే గోడ లోపల గొట్టం పగిలింది. మేడ మీద తనూ భార్యా ఉంటారు. కింది వాటా ఒక నర్సమ్మకి అద్దెకిచ్చాడు. ఆవిడతో పాటు మంచం దిగలేని తల్లి ఉంది. నీళ్ళు రెండు రోజులు స్లాబులోకి దిగీ దిగీ, సరిగ్గా ఆ పెద్దావిడ మంచానికి పైన కప్పు ఉబ్బింది, పసుప్పచ్చటి మరక చాపంత పరుచుకుంది. మంచం వంటగదిలోకి మార్చారు. తల పొయ్యి వైపు, కాళ్ళు గుమ్మం వైపు.

మేస్త్రీ వచ్చి కర్రతో తట్టాడు. "బోలుగా మోగుతోంది. పాత ప్లాస్టరంతా దించి కొత్తది వెయ్యాలి. మీరు దించకపోతే అదే దిగుతుంది" అన్నాడు. ఎంతవుతుందో కూడా చెప్పాడు. పెయింటరు కుర్చీ కోసం వెతుక్కున్నాడు.

ఒక్కటే దారి ఉంది. ఇంటికి ఇన్సూరెన్సు చేయించిన ఏజెంటు సాక్షాత్తూ బావమరిదే. ఇన్నేళ్ళూ అతణ్ణి "మా ఇల్లు ఎప్పుడు కూలుతుందా అని చూస్తున్నావురా" అని ఏడిపించినవాడు, ఇప్పుడు తనే ఫోను చేశాడు.

"బావా, జాగ్రత్తగా విను. గొట్టం కట్టెయ్, కింద కరెంటు తీసెయ్. ఇంకేదీ ముట్టుకోకు. అన్ని వైపుల నుంచీ ఫోటోలు తియ్యి. శుక్రవారం సర్వేయరు వస్తాడు. ఆయన కళ్ళతో చూసి రాస్తేనే మనకేదైనా వచ్చేది."

"ముట్టుకోనులేరా. చేతులు కట్టేసుకుని కూర్చుంటా."

"నీ చేతుల సంగతి నాకు తెలుసు. ఓసారి అక్కకివ్వు ఫోను."

అక్కకి కూడా అదే చెప్పాడు. ఆవిడ ఫోను పట్టుకుని కిందికి దిగింది. కప్పు ఇంకా కారుతూనే ఉంది. పెయింటరు ఊరుకుంటాడా. గొడుగు తెచ్చి, విప్పి, దాని కింద నిలబడి ముప్పై రెండు పళ్ళూ బయటపెట్టాడు.

"సొంతింట్లో గొడుగేసుకునే యోగం ఎంతమందికుంటుందే. తియ్యి."

ఆవిడకీ నవ్వొచ్చింది. తీసింది. రెండోది తీసేలోపు ఫోను ఆరిపోయింది. తర్వాత తీద్దాంలే అనుకున్నారు.

గురువారం మధ్యాహ్నం భార్య బజారుకెళ్ళింది. నర్సమ్మ డ్యూటీకెళ్ళింది. పెయింటరు ఊరికే చూసొద్దామని కిందికి దిగాడు. అప్పటికి కారడం ఆగింది. తలెత్తి మరక వంక చూశాడు. రేపొచ్చేవాడు ఆఫీసరు. ఊళ్ళో సగం ఇళ్ళకి రంగులేసినవాడి కప్పు ఇలా ఉంటే ఏమనుకుంటాడు? మొహం ఎక్కడ పెట్టుకోవడం?

మరక ఒక్కటే తుడుద్దామనుకున్నాడు. తుడిస్తే పొడి రాలింది. రాలినచోట గీకాడు. గీకినచోట లప్పం పెట్టాడు. లప్పం పెట్టాక వదిలేస్తే కుక్క కరిచినట్టుంటుంది కదా. మరక మళ్ళీ పైకి తేలకుండా ప్రైమరు, దాని మీద రెండు పూతల తెలుపు. సాయంత్రానికి కప్పు పాలమీగడలా ఉంది.

భార్య గుమ్మంలోనే ఆగిపోయింది. సంచీ చేతిలోనే ఉంది.

"ఏం చేశారండీ ఇది?"

"ఎలా ఉంది?" అన్నాడు, బ్రష్షు కడుక్కుంటూ. ఆవిడ మొహం చూశాక నీళ్ళ కింద చెయ్యి కదలడం మానేసింది.

శుక్రవారం సర్వేయరు వచ్చాడు. సన్నటి మనిషి, మర్యాదస్తుడు. చెప్పులు బయటే విప్పాడు. గది మధ్యలో నిలబడి పైకి చూశాడు. కిందికి చూశాడు. మళ్ళీ పైకి చూశాడు.

"నష్టం ఎక్కడండీ?"

"దాని వెనకాల ఉంది సార్" అన్నాడు పెయింటరు.

సర్వేయరు వెంట వచ్చిన బావమరిది కళ్ళు మూసుకున్నాడు.

"తట్టి చూడండి సార్. మేస్త్రీ కూడా చెప్పాడు."

సర్వేయరు తట్టాడు. డొల్ల చప్పుడే వచ్చింది. "బోలే. కాదనను. పాత స్లాబులు చాలావరకు ఇలాగే మోగుతాయి. ఇది వయసు వల్ల వచ్చిందా, గొట్టం వల్ల వచ్చిందా అని నాకు చెప్పాల్సింది తడి మరక. అదేది?"

"నేనే కప్పేశాను."

"ఫోటోలున్నాయా?"

భార్య ఫోను అందించింది. సర్వేయరు చాలాసేపు చూశాడు. గొడుగు నిండుగా విప్పుకుని ఉంది. పళ్ళు స్పష్టంగా ఉన్నాయి. కప్పు ఒక్క అంగుళం కూడా కనబడటం లేదు.

"నేను చూశాను సార్" అంది నర్సమ్మ. "మా అమ్మ మీదే కారింది. ఆవిడ దుప్పటి మూడుసార్లు పిండాను."

"అబద్ధమని నేననడం లేదమ్మా. కానీ నేను చూసింది రాయాలి. విన్నది రాస్తే నా ఉద్యోగం పోతుంది."

నష్టం కనబడలేదని రాసుకున్నాడు. వెళ్ళబోతూ కప్పు వైపు మరోసారి చూసి, కొంచెం మొహమాటంగా, "మా ఇంట్లో హాలుకి వేయించాలి. మీ నంబరిస్తారా?" అన్నాడు. పెయింటరు ఇచ్చాడు. ఇవ్వకుండా ఎలా ఉంటాడు.

గేటు మూతపడగానే స్టూలు లాక్కొచ్చి, గీకుడు రేకు పట్టుకుని ఎక్కాడు. "పైపొర తీసేస్తా. లోపల మరక అలాగే ఉంటుంది. ఆయన్ని వెనక్కి పిలవరా."

"ఇప్పుడు గీకితే నువ్వే పగలగొట్టావని రాస్తాడు. దిగు బావా."

దిగలేదు. అలాగని గీకనూ లేదు. రేకు పట్టుకున్న చెయ్యి కప్పుకి జానెడు దూరంలో ఆగిపోయింది. మరక ఎక్కడైనా తేలిందేమోనని మూల మూలా వెతికాడు. గోధుమగింజంత తేలినా చాలు. ఎక్కడా లేదు. ప్రైమరు మంచిది వాడాడు.

వంటగదిలోంచి పెద్దావిడ గొంతు వినబడింది. "కప్పు బాగుచేశారటగా నాయనా. తెల్లగా ఉందట. నా మంచం మళ్ళీ లోపలెయ్యండి, పొయ్యి వేడికి నిద్ర పట్టడం లేదు."

నర్సమ్మ పెయింటరు వంక చూసింది. "అదే దిగుతుంది" అన్న మేస్త్రీ మాట గుర్తొచ్చి పెయింటరు భార్య వంక చూశాడు. పెద్దావిడ మళ్ళీ పిలిచింది.